హాట్‌ట్రిక్‌లో ఇండియా టీమ్‌కి ఆడే కుర్రాణ్ణి తయారుచేయడం

హాట్‌ట్రిక్ 1997లో స్వీడన్‌లో పుట్టిన ఫుట్‌బాల్ మేనేజర్ గేమ్. పరుగులు, తన్నులు కనపడవు. ఉండేవి అంకెలూ, మన ఓపికా.

ముందు వయసు లెక్క. ఈ ఆటలో ఏడాదంటే 112 రోజులే. అంటే 17 నిండిన కుర్రాడికి 21 రావడానికి మనకి పట్టేది 448 రోజులు, 64 వారాలు. ట్రైనింగ్ వారానికి ఒక్కసారే పడుతుంది కాబట్టి 64 అవకాశాలు. వయసు పెరిగేకొద్దీ, స్కిల్ పెరిగేకొద్దీ ట్రైనింగ్ నెమ్మదిస్తుంది. అందుకే నేను 17 ఏళ్ల కొన్ని రోజుల వాణ్ణే కొంటాను. 18 దాటినవాడు ఎంత చవగ్గా వచ్చినా వద్దు. కొనేముందు వాడి దేశం కూడా చూసుకోండి, ఇండియా వాడై ఉండాలి కదా!

నేను పెంచేది మిడ్‌ఫీల్డర్లని. ప్లేమేకింగ్ (మధ్యలో ఆటని నడిపించే స్కిల్) ట్రైనింగ్ పెడితే మైదానం నడిమధ్యలో ఆడే ఇన్నర్ మిడ్‌ఫీల్డర్‌కి పూర్తి ఫలితం, అంచున ఆడే వింగర్‌కి సగం. మ్యాచ్‌కి ముగ్గురు ఇన్నర్లు, వారానికి రెండు మ్యాచ్‌లు: వారాంతంలో లీగ్, మధ్యలో కప్పు గానీ ఫ్రెండ్లీ గానీ. అంటే ఆరుగురు పిల్లలు. ఒక్కొక్కడికి ఆ స్థానంలో 90 నిమిషాలు పడితే చాలు. లీగ్‌లో నిండా ఆడినవాణ్ణి ఫ్రెండ్లీలో మళ్లీ దింపితే ఇంకొకడి చోటు తినేసినట్టే.

చెప్పడం తేలికే. కిందటేడు మా చెల్లి పెళ్లి హడావిడిలో ఫ్రెండ్లీ బుక్ చేయడం మర్చిపోయాను. ముగ్గురికి ఆ వారం సున్నా. అప్పట్నుంచి లీగ్ మ్యాచ్ అయిన రాత్రే, భోజనం చేయకముందే ఫ్రెండ్లీ అడిగేస్తున్నాను. టీమ్ కూడా అప్పుడే పెట్టేస్తాను, తర్వాత టెన్షన్ ఉండదు.

కోచ్ మీద డబ్బు దాచుకోకండి. అసిస్టెంట్ కోచ్‌లు కూడా ఉండాలి. ట్రైనింగ్ తీవ్రత 100 శాతం. స్టామినాకి ఎంత ఎక్కువిస్తే ప్లేమేకింగ్‌కి అంత తగ్గుతుంది, నేనైతే పది శాతం దగ్గర ఉంచుతాను. పిల్లలతో లీగ్‌లో నాలుగు గోల్స్ తిని ఓడిపోవడం మామూలే. అది తట్టుకోలేనివాళ్లు 28 ఏళ్ల వాళ్లని కొనుక్కుని కప్పులు గెలుచుకోవచ్చు, తప్పేం లేదు.

ఇక జాతీయ కోచ్. ఆయన్ని ఎన్నుకునేది ఆట ఆడే మనవాళ్లే, కాబట్టి మొహమాటం లేకుండా రాయండి: వయసు ఏళ్లూ రోజులతో సహా, స్కిల్స్, స్పెషాలిటీ (వాడికున్న ప్రత్యేక లక్షణం), ఇప్పుడు ఏ ట్రైనింగ్‌లో ఉన్నాడో. యువ జట్టు వరల్డ్ కప్ ఫైనల్ నాటికి వీడి వయసు పరిమితి దాటుతుందా అన్నది ఆయన లెక్క కట్టి చెప్తారు. నా బుడ్డోడు తొమ్మిది రోజుల తేడాతో దాటిపోతున్నాడని తేలింది. అమ్మేయలేదు. పెద్ద జట్టుకి పనికొస్తాడు, కానీ డిఫెండింగ్ కావాలన్నారు. దాంతో ఈ సీజన్ నుంచి క్లబ్ మొత్తం డిఫెండింగ్‌కి మారింది, మిగతా ఐదుగురు మిడ్‌ఫీల్డర్లూ మార్కెట్‌లో ఉన్నారు.