మజిల్‌లోడర్‌తో టర్కీ వేట: రవ్వలు సరిగ్గా పడకపోతే ఎక్కడ వెతకాలి

మజిల్‌లోడర్ అంటే మూతి నుంచి మందు (పౌడర్), రవ్వలు (సీసపు చిన్న గుండ్లు) కూరి పేల్చే తుపాకీ. దాంతో కాల్చినా టర్కీ కోడి తప్పించుకుందంటే చాలామంది ముందు మందు కొలత మీద పడతారు. ఆ తర్వాత రవ్వ నంబరు (నంబరు చిన్నదైతే రవ్వ పెద్దది) మారుస్తారు, చివరికి తుపాకీనే అమ్మేస్తారు. వీళ్ళలో ఎక్కువమంది చేయని పని ఒకటుంది, కాగితం మీద కాల్చి చూడటం. డబ్బా మీద కాలిస్తే చిల్లులు పడ్డాయి కదా అంటారు. అది లెక్కలోకి రాదు. మూడడుగుల వెడల్పు కాగితం తీసుకుని మధ్యలో టర్కీ తల, మెడ బొమ్మ గీయండి. 25 గజాల దూరంలో పెట్టి, తుపాకీని బల్ల మీద ఆనించి కాల్చండి. ఒక్కో లోడుకు (మందు, బిళ్ళలు, రవ్వల కూర్పుకు) మూడు కొత్త కాగితాలు కావాలి. మూడెందుకో కింద తెలుస్తుంది.

ఇదంతా అమెరికాలో లైసెన్సు, ట్యాగ్ తీసుకుని స్ప్రింగ్ సీజన్‌లో వేటకు వెళ్ళేవాళ్ళ కోసం. ఊళ్ళో తాతగారి నాటు తుపాకీ గుర్తొచ్చి హుషారు పుడితే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని కూడా గుర్తు తెచ్చుకోండి. ఈ తుపాకీలో స్మోక్‌లెస్ పౌడర్ (ఇప్పటి తూటాల్లో వాడే మందు) ఎప్పుడూ పోయకూడదనీ, మాన్యువల్‌లో రాసిన గరిష్ఠ లోడు దాటకూడదనీ మీకు తెలుసనే అనుకుంటున్నాను.

సమస్య: కాగితం మీద రవ్వల గుంపు బాగానే ఉంది, కానీ పడాల్సిన చోట పడటం లేదు

లోడు తప్పేమీ లేదు. కాల్చేటప్పుడు చెంప స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) మీద నుంచి లేస్తోంది, అందుకే పైకి పోతోంది. చెంప ఆనించి మళ్ళీ కాల్చండి.

సమస్య: రవ్వలు కాగితం నిండా చెల్లాచెదురు

మందు ఎక్కువైంది. పాత తరహా 12 గేజ్ (గొట్టం వెడల్పు కొలత) బ్యారెల్‌కు చాలావాటికి చోక్ (మూతి దగ్గర ఇరుకు) ఉండదు, మూతి దాకా ఒకే వెడల్పు. అందులో మందు పెంచుకుంటూ పోతే రవ్వలు దూరం పోవు, విచ్చుకుపోతాయి. మందు, రవ్వలు ఒకే కొలపాత్రతో సమానంగా పోసి మొదలుపెట్టండి. తర్వాత మందు తగ్గిస్తూ రండి, రవ్వ అలాగే ఉంచండి, లేదా కాస్త పెంచండి. 2ఎఫ్ (గింజ సైజు గుర్తు) బ్లాక్ పౌడర్ 70 నుంచి 75 గ్రెయిన్లు (మందు కొలిచే చిన్న కొలమానం), సీసపు రవ్వ ఒకటింపావు ఔన్సు చాలా 12 గేజ్‌లకు కుదురుతుంది. మాన్యువల్ ఒప్పుకుంటే అక్కడికి రండి, అక్కడి నుంచి ఒక్కోసారి 5 గ్రెయిన్ల చొప్పున మార్చి చూడండి. 6వ నంబరు రవ్వ ఔన్సుకు సుమారు 225 వస్తాయి, అంటే మీ చేతిలో దాదాపు 280 ఉన్నట్టు. వేగం తగ్గుతుందని టెన్షన్ పడకండి. 25 గజాల లోపు టర్కీ తలకు ఆ వేగం చాలు, చాలనిది ఎప్పుడూ గుంపు చిక్కదనమే.

సమస్య: గుంపు మధ్యలో ఖాళీ

నన్ను అన్నిటికంటే ఎక్కువ సతాయించింది ఇదే. చుట్టూ రవ్వలు దట్టంగా ఉంటాయి, మధ్యలో మాత్రం గారె చిల్లులా ఖాళీ. సరిగ్గా టర్కీ తల ఉండేది అక్కడే. పైగా ఇది ప్రతిసారీ రాదు. రెండు కాగితాలు చక్కగా వచ్చి మూడోది ఖాళీగా రావచ్చు. మూడు కాగితాలు అన్నది ఇందుకే. ఒక్కటే కాల్చి సంబరపడి అడవికి పోతే, ఆ మూడో గుండు పక్షి మీదే పడుతుంది.

దీనికి కారణం మందు కాదు, బిళ్ళలు. మందు మీద గట్టి అట్ట బిళ్ళ, దాని మీద అరంగుళం మందం మెత్త వ్యాడ్ (దిండులాంటి మెత్తటి బిళ్ళ), ఆపైన రవ్వలు, అన్నిటికీ పైన పల్చటి అట్ట బిళ్ళ, ఇదీ మామూలు వరస. మూతి దాటాక కూడా పొగ, గ్యాసు వెనక నుంచి మెత్త వ్యాడ్‌ను నెడుతూనే ఉంటాయి. గ్రీజు పీల్చుకుని బరువెక్కిన వ్యాడ్ అయితే నేరుగా రవ్వల మధ్యలోకి దూసుకెళ్ళి వాటిని పక్కలకు తోసేస్తుంది. తెల్లవారుజామున చలికి గ్రీజు గట్టిపడి అట్ట బిళ్ళా వ్యాడూ అతుక్కుంటే ఇంకా అన్యాయం.

తేల్చుకోవడానికి 10 గజాల దగ్గర ఒక కాగితం పెట్టి కాల్చండి. రవ్వల చిల్లుల మధ్య పొడుగ్గా చీరుకున్న పెద్ద రంధ్రం కనిపిస్తే దొంగ దొరికినట్టే. తర్వాత నడిచి వెళ్ళి గడ్డిలో వ్యాడ్లు ఏరుకోండి. ఈ పని ఎవరూ చేయరు, కానీ వ్యాడ్ చెప్పినంత కాగితం కూడా చెప్పదు. పై ముఖం మీద రవ్వలు నొక్కుకున్న గుంతలుంటే మామూలే. అంచు ఒకవైపు కాలి నల్లబడి ఉంటే మాత్రం గ్యాసు పక్క నుంచి జారిపోతోంది, అంటే మీ బ్యారెల్‌కు ఆ వ్యాడ్ చిన్నది. 12 గేజ్ అంటే లెక్క ప్రకారం 0.729 అంగుళాలు. బ్యారెల్ మీద రాసిన అంకెను నమ్మకుండా కాలిపర్ పెట్టి కొలవండి. కొన్నిటికి 11 గేజ్ వ్యాడ్ కావాల్సి వస్తుంది.

వ్యాడ్ సైజు సరిపోయినా మధ్యలో ఖాళీ వస్తుంటే, మెత్త వ్యాడ్‌ను కత్తితో అడ్డంగా రెండుగా చీల్చి ఒక సగమే వాడండి. అప్పటికీ తగ్గకపోతే దాన్ని పూర్తిగా తీసేసి, గట్టి బిళ్ళ మీద పల్చటి బిళ్ళలు రెండు మూడు పెట్టండి. గ్రీజు అంచుకు రాస్తే చాలు, నానబెట్టకండి. రవ్వల పైన ఎప్పుడూ పల్చటి బిళ్ళే ఉండాలి. మందపాటిది పెడితే అది ముందు నుంచి అడ్డుపడుతుంది. బిళ్ళలకు దబ్బనంతో ఒక పక్కగా చిన్న చిల్లు పొడిస్తే, కూరేటప్పుడు గాలి బయటికి పోయి బిళ్ళలు సులువుగా దిగుతాయి. ఒకసారికి ఒక్కటే మార్చండి, మూడు కాగితాలు కాల్చండి. బిళ్ళలు తగ్గించాక లోడు ఎత్తు మారుతుంది కాబట్టి కూరే కడ్డీ మీద గీత (లోడు ఎంత లోతులో కూర్చుందో చూపే గుర్తు) కొత్తగా గీసుకోండి. మందుకూ బిళ్ళకూ మధ్య ఖాళీ అసలు ఉండకూడదు.

సమస్య: బిగింపు చోక్ ఉన్నా రవ్వల గుంపు పాడవుతోంది

బిగుతు చోక్ గుండా తోస్తే వ్యాడ్ అంచులు నలిగిపోతాయి. చోక్ విప్పి, లోడు కూరి, మళ్ళీ బిగించండి. క్యాప్ (మందును అంటించే చిన్న పేలుడు టోపీ) మాత్రం అన్నీ అయ్యాకే పెట్టాలి.

సమస్య: క్యాప్ పేలింది, మందు అంటుకోలేదు

నిపుల్‌లో (క్యాప్ కూర్చునే సన్నటి గొట్టంలో) నూనె ఉంది. లోడు చేయకముందే, మూతిని ఎండుటాకు దగ్గర పెట్టి ఒకటి రెండు ఉత్త క్యాప్‌లు పేల్చండి. ఆకు కదిలితే దారి శుభ్రంగా ఉన్నట్టే. ఇక పేలని లోడు విషయానికొస్తే, తుపాకీని గురి వైపే ఒక నిమిషం ఉంచి ఆ తర్వాతే ముట్టుకోండి.

మిగతావి

మందు కంపెనీ, గాలిలో తేమ, రవ్వ గట్టిదనం గురించి గంటలు గంటలు వాదించుకోవచ్చు. పైవన్నీ చూశాక కూడా సమస్య మిగిలితే అప్పుడు ఆలోచించండి, సాధారణంగా మిగలదు. 4వ నంబరు కంటే పెద్ద రవ్వ కొన్ని రాష్ట్రాల్లో టర్కీకి నిషేధం, మీ రాష్ట్రం రూల్ చూసుకోండి.

జోడు బ్యారెల్ వాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. ఒక గొట్టం పేలిన అదురుకు రెండో గొట్టంలో పై బిళ్ళ ముందుకు జరగొచ్చు. ఆ వైపు క్యాప్ తీసేసి, కడ్డీ దించి, గీత దగ్గరే ఆగుతోందో లేదో చూడండి.