బ్లాక్ ఓపల్‌ని నడుము చూసి కొనండి

పత్తర్‌గట్టి వెనక సందులో ఇరవై ఆరేళ్ళుగా రాళ్ళు పొదుగుతున్నాను. మా బజారులో ఎప్పుడూ ముత్యాల సందడే. ఓపల్, అంటే కదిపితే రంగులు మారే రాయి, అప్పుడప్పుడు వస్తుంది, బ్లాక్ ఓపల్ అని వచ్చేవాటిలో చాలావరకు అతుకు రాళ్ళే.

మొన్న మలక్‌పేట నుంచి ఒకావిడ ఉంగరం తెచ్చింది. సిడ్నీలో ఉన్న చెల్లెలు పంపిందట. నల్లటి రాయి, మీద నెమలికంఠం రంగులు. కానీ ఒక అంచు నుంచి తెల్లటి మబ్బు లోపలికి పాకుతోంది. "గిన్నెలు తోమేటప్పుడు తీయలేదన్నా, అందుకా?" అంది. బిల్లు చూస్తే ట్రిప్లెట్ అని రాసే ఉంది. అది డిజైన్ పేరనుకుందట!

ట్రిప్లెట్ అంటే మూడు పొరలు. మధ్యలో కాగితమంత ఓపల్, కింద నల్లటి అడుగు, పైన గాజో స్ఫటికమో టోపీలాగా. టోపీ లేకపోతే డబ్లెట్. నీళ్ళు జిగురులోకి దిగితే ఆ మబ్బు వస్తుంది. చెప్పి అమ్మితే అందులో మోసం లేదు. అసలు బ్లాక్ ఓపల్ ధర తీసుకుంటేనే మోసం.

పై నుంచి చూస్తే ఇవన్నీ ఒకేలా మెరుస్తాయి. అందుకే ఉంగరాన్ని కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుని రాయి నడుము, అంటే పక్క అంచు, చూడండి. పది రెట్ల భూతద్దం, పక్క నుంచి ఫోన్ టార్చ్ చాలు. రంగు పొర, నల్ల అడుగు కలిసేచోట క్రీమ్ బిస్కెట్‌లాగా తిన్నని గీత చుట్టూ తిరిగితే అతుకు. న్యూ సౌత్ వేల్స్‌లోని లైట్నింగ్ రిడ్జ్ నుంచి వచ్చే అసలు రాయిలో నల్లదనం పుట్టుకతో వచ్చిందే. అక్కడ సరిహద్దు సాధారణంగా ఎగుడుదిగుడుగా ఉంటుంది, కొబ్బరి ముక్కలో తెల్ల కండ గోధుమరంగు పొట్టుని కలిసినట్టు. ఎప్పుడైనా అసలు దాంట్లోనూ గీత తిన్నగానే పడుతుంది. అప్పుడు జిగురులో గాలి బుడగలు వెతకండి. పక్క నుంచి పైభాగం రంగు లేకుండా గాజులా కనిపిస్తే ట్రిప్లెటే.

తర్వాత వెనక చూడండి. శుక్రుడి కోసం చేయించుకున్న ఉంగరాల్లో రాయి వేలికి తగలాలని అడుగు తెరిచే ఉంచుతాం. మన పని సులువు. కుందన్ పనిలో వెనక మూసేస్తారు, నడుము కూడా బంగారంలోకి వెళ్ళిపోతుంది. మూసి ఉన్నంత మాత్రాన నకిలీ అనలేం, కానీ అసలుదని కూడా నేను చెప్పను. పొదిగిన రాయిని రత్నాలు పరీక్షించే ల్యాబ్ కూడా కనిపించినంత మేరకే పరీక్షిస్తుంది.

ఒకే ముక్క అని తేలినా నలుపు పుట్టుకతో వచ్చిందో, పెట్టిందో చూడాలి. దక్షిణ ఆస్ట్రేలియాలోని ఆండమూకా రాయిని చక్కెర నీళ్ళలో నానబెట్టి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో వేస్తారు. చక్కెర బొగ్గయి సందుల్లో ఉండిపోతుంది. ఇథియోపియా ఓపల్‌కి పొగ పెడతారు. భూతద్దంలో మిరియాల పొడి చల్లినట్టు నల్ల చుక్కలు, గుంటల్లో, పగుళ్ళలో మసి కనిపిస్తే అనుమానించండి. రంగు మచ్చలు బల్లి చర్మంలా వరసగా ఉండి, పక్క నుంచి నిలువు స్తంభాల్లా కనిపిస్తే అది ల్యాబ్‌లో పెంచిన రాయి. అలాంటివాటిలో గిల్సన్ అనే రకం 1974 నుంచి మార్కెట్లో ఉంది.

నీళ్ళలో వేసి చూడమని ఎవరైనా అంటే వినకండి. డబ్లెట్ జిగురు పాడవుతుంది, ఇథియోపియా రాయి నీళ్ళు తాగి ఆరేదాకా రూపు మార్చుకుంటుంది.

పెద్ద మొత్తం పెడుతుంటే విడి రాయి కొని, ల్యాబ్ కాగితం చూసుకున్నాకే పొదగడానికి ఇవ్వండి. బిల్లులో సహజం, ఒకే ముక్క, ట్రీట్‌మెంట్ లేదు అని రాయించండి. రాయడానికి నసిగితే లేచి వచ్చేయండి, ఎదుటి షాపులో చాయ్ తాగి ఇంటికి వెళ్ళండి.

మలక్‌పేట ఆవిడ ఉంగరానికి నేను చేయగలిగింది ఏమీ లేదు. గిన్నెల దగ్గర తీసి పెట్టమన్నాను. "చెల్లెలికి మాత్రం చెప్పొద్దు అన్నా" అంది.