రొయ్యల పొట్టు నుంచి కైటోసాన్: తయారీ, వైరస్‌లపై పరీక్ష

విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లోనూ, చుట్టుపక్కల రొయ్యల శుద్ధి కర్మాగారాలలోనూ రోజూ ఒలిచి పారేసే తలలు, పొట్టు నుంచి కైటోసాన్ అనే జీవపదార్థాన్ని తీయవచ్చు. స్వల్పంగా ఆమ్లత ఉన్న ద్రావణంలో దీని అమైనో సమూహాలు ధనావేశం పొందుతాయి. ముక్కులోని శ్లేష్మానికీ, అనేక వైరస్‌ల ఉపరితలానికీ రుణావేశం ఉంటుంది. ఈ ఆకర్షణ ఆధారంగానే, ముక్కు ద్వారా ఇచ్చే టీకా మందు శ్లేష్మంతో పాటు త్వరగా జారిపోకుండా అంటిపెట్టడానికీ, బట్టలకు వైరస్ నిరోధక పూత వేయడానికీ పరిశోధకులు దీనిని పరిశీలిస్తున్నారు. బీఎస్సీ, ఎమ్మెస్సీ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలో దీనిని తయారుచేసి, పూత వేసిన బట్టను నిజాయితీగా పరీక్షించే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

నిజాయితీ అన్న మాట వాడటానికి కారణం ఉంది. సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి తీసే క్యారజీనన్ అనే పదార్థం ప్రయోగశాలలో హెచ్ఐవీని కణాలకు అంటుకోకుండా ఆపింది. కానీ దక్షిణాఫ్రికాలో 6,000కు పైగా మహిళలతో జరిపిన పరీక్షలో, 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం, క్యారజీనన్‌తో చేసిన జెల్ సంక్రమణను నివారించలేకపోయింది. ప్రయోగశాల పళ్లెంలో కనిపించిన గుణం శరీరంలోనూ పనిచేస్తుందని చెప్పడానికి వీలులేదు. అందువల్ల ఇంట్లో గానీ కళాశాలలో గానీ తయారుచేసిన కైటోసాన్‌ను ముక్కులో, నోటిలో, గాయాలపై వాడకూడదు. రొయ్యలు పడనివారు ఈ పనికి దూరంగా ఉండటం మంచిది.

పొట్టును ఒకే జాతి రొయ్యల నుంచి, ఒకే దఫాలో తీసుకోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కనుక ఆ కాలంలో చెరువుల్లో పెంచే వెనామీ రొయ్యల పొట్టుతో పని సాగించవచ్చు; అయితే సముద్రపు రొయ్యల పొట్టును దానితో కలపకూడదు. ఈ ఊరి ఉక్కకు పొట్టు కొద్ది గంటల్లోనే కుళ్లిపోతుంది కాబట్టి మంచులో తెచ్చి, మాంసపు ముక్కలు పోయేలా కడిగి, వెంటనే ఆరబెట్టాలి, లేదా ఫ్రీజర్‌లో ఉంచాలి.

ఎండిన 100 గ్రాముల పొట్టును పొడిచేసి, అందులోని కాల్షియం కార్బొనేట్ పోవడానికి సుమారు ఒకటిన్నర లీటర్ల 1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో గది ఉష్ణోగ్రత వద్ద రెండు గంటలు ఉంచాలి. కార్బన్ డయాక్సైడ్ నురగ పొంగుతుంది గనుక పెద్ద పాత్ర తీసుకొని ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా పోయాలి. తటస్థం అయ్యేవరకు నీటితో కడిగి, ప్రోటీన్ పోవడానికి 1 మోలార్ కాస్టిక్ సోడా ద్రావణంలో 70 నుంచి 80 డిగ్రీల వద్ద రెండు గంటలు వేడిచేసి మళ్లీ కడిగితే కైటిన్ మిగులుతుంది. దానిని 50 శాతం కాస్టిక్ సోడాలో సుమారు 100 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచితే ఎసిటైల్ సమూహాలు తొలగి కైటోసాన్ ఏర్పడుతుంది. అన్నిటికంటే ప్రమాదకరమైన దశ ఇదే. కళ్లద్దాలు, మందపాటి గ్లౌజులు, ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ లేకుండా దీనిని మొదలుపెట్టకూడదు. ద్రావణం కలిపేటప్పుడు సోడాను నీటిలో వేయాలే తప్ప నీటిని సోడా మీద పోయకూడదు. అల్యూమినియంను సోడా తినివేసి మండే వాయువును వదులుతుంది, వేడి సోడా గాజును కూడా కొరుకుతుంది కనుక స్టెయిన్‌లెస్ స్టీల్ పాత్ర వాడాలి. వాడిన ఆమ్లాన్ని, సోడాను తటస్థం చేయకుండా సింకులో పారబోయకూడదు.

బాగా కడిగి ఆరబెట్టిన కైటోసాన్ ఒక గ్రామును 100 మిల్లీలీటర్ల 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కలపాలి. అది పూర్తిగా కరగకపోతే చివరి దశ సరిపోలేదని అర్థం. మరికొంతసేపు సోడాలో ఉంచడం తప్ప దగ్గరిదారి లేదు. కరిగిన ద్రావణంలో నూలు బట్ట ముక్కలను ముంచి, పిండి, ఆరబెట్టి, పలుచని కాస్టిక్ సోడా ద్రావణంతో ఆమ్లాన్ని తటస్థం చేసి, శుభ్రమైన నీటితో కడిగి తిరిగి ఆరబెట్టాలి.

పరీక్షకు మనుషులకు సోకే వైరస్‌లు అక్కరలేదు, వాడకూడదు కూడా. కొవ్వు పొర ఉన్న వైరస్‌లకు ప్రతినిధిగా ఫై-6 అనే బ్యాక్టీరియోఫేజ్‌ను (బ్యాక్టీరియాకు మాత్రమే సోకే వైరస్, క్లుప్తంగా ఫేజ్), పొర లేనివాటికి ఎంఎస్-2 అనే ఫేజ్‌ను తీసుకొని, సంస్థ బయోసేఫ్టీ కమిటీకి తెలియజేసి పని చేయాలి. ఫై-6 పెరిగే స్యూడోమోనాస్ సిరింజే బ్యాక్టీరియాకు సుమారు 25 డిగ్రీలు కావాలి. విశాఖ వేసవిలో బల్లమీద వదిలేస్తే అది దొరకదు కాబట్టి చల్లబరిచే ఇంక్యుబేటర్ అవసరం. ఫేజ్ ద్రావణాన్ని బట్టపై వేసి, రెండు గంటల తర్వాత బఫర్‌లోకి (పీహెచ్ మారకుండా నిలిపే ద్రావణం) తీసి, పలుచన చేసి, బ్యాక్టీరియా పళ్లెంలో ఏర్పడే ప్లాకులను, అంటే ఫేజ్ బ్యాక్టీరియాను చంపినచోట కనిపించే ఖాళీ మచ్చలను, లెక్కించాలి. పది లక్షలు వెయ్యికి తగ్గితే అది 3 లాగ్ (మూడుసార్లు పదో వంతుకు) తగ్గుదల, అంటే 99.9 శాతం.

చాలా ప్రాజెక్టులు తప్పుదారి పట్టేది ఈ లెక్క దగ్గరే అని నా అభిప్రాయం. ఎసిటిక్ ఆమ్లం ఒక్కటే ఫై-6ను దెబ్బతీయగలదు. అందుకే కైటోసాన్ లేకుండా ఆమ్లంలో ముంచి అదే విధంగా కడిగిన బట్టను పక్కన పెట్టాలి. కైటోసాన్ బ్యాక్టీరియాను కూడా అణచివేస్తుంది గనుక బట్ట నుంచి ఊడివచ్చిన కైటోసాన్ పళ్లెంలోకి చేరితే ప్లాకుల లెక్క తారుమారవుతుంది. పూత బట్టను ముంచి తీసిన బఫర్‌కు తెలిసినన్ని ఫేజ్‌లను అప్పటికప్పుడు కలిపి, లెక్క తగ్గుతోందో లేదో చూడాలి. ఫేజ్ చావకుండా బట్టకు అతుక్కుపోయే అవకాశమూ ఉంది కనుక, ఫేజ్‌ను వేసిన వెంటనే పూత బట్ట నుంచి అది ఎంత తిరిగి వస్తుందో కొలవాలి. ఇవి లేకుండా వచ్చిన 99.9 శాతాన్ని నేను ఫలితంగా అంగీకరించను. పీహెచ్ 7 దగ్గర కైటోసాన్ ధనావేశం చాలావరకు పోతుంది, కాబట్టి తటస్థం చేసిన బట్ట తక్కువ బలం చూపితే అది సహజమే. ఆ సంఖ్యను ఉన్నది ఉన్నట్టుగా రాయాలి.

వేర్వేరు దఫాల పొట్టుతో కనీసం మూడుసార్లు ఒకే ఫలితం వస్తే, బట్టలకు వర్తించే ఐఎస్ఓ 18184 ప్రమాణం ప్రకారం పరీక్షించే ప్రయోగశాలను సంప్రదించవచ్చు. కైటోసాన్ నాణ్యత గురించిన సందేహాలకు నగరంలోనే ఉన్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రాన్నీ, పూతను వైద్య ఉపకరణంగా మలచాలనుకుంటే వైద్య పరికరాల తయారీ పార్కు అయిన మెడ్‌టెక్ జోన్‌నూ అడగవచ్చు. అడగడానికి వెళ్లేటప్పుడు పొట్టు తెచ్చిన తేదీ, రొయ్య జాతి, ప్రతి దశ ఉష్ణోగ్రత, వ్యవధి రాసిన నోటుపుస్తకాన్ని వెంట తీసుకెళ్లాలి.