డిగ్రీ కోర్సు ప్రణాళిక, యూజీసీ నిబంధనలు – 4వ పాఠం: ప్రాక్టికల్ క్రెడిట్‌కు ఎన్ని గంటలు?

ఈసారి మైనర్ సబ్జెక్టుల (ప్రధాన విషయానికి తోడుగా చదివేవి) గురించి చెబుతానన్నాను. దాన్ని వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. మీరు నింపి పంపిన సెమిస్టర్ పట్టికలు చూశాక, అంతకన్నా ముందు చక్కబెట్టవలసిన పని ఒకటి కనిపించింది.

కర్నూలు, కడప పట్టికల్లోనూ, మా అనంతపురం వాళ్ల పట్టికల్లోనూ నాలుగేళ్ల క్రెడిట్ల (విద్యార్థి శ్రమకు కొలత) మొత్తం సరిగ్గా 160 వచ్చింది. అందులో వింతేమీ లేదు. ఎనిమిది సెమిస్టర్లు, ఒక్కోదానికి 20 క్రెడిట్లు. రావలసిన మొత్తం ముందే తెలిస్తే అంకెలను ఎలాగైనా సర్దవచ్చు. ఆ 20 క్రెడిట్లకు విద్యార్థి వారానికి ఎన్ని గంటలు తరగతిలో, ప్రయోగశాలలో ఉండాలి అన్న గడి దగ్గరే చాలామంది పట్టిక తప్పింది.

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 డిసెంబరులో విడుదల చేసిన డిగ్రీ పాఠ్య ప్రణాళిక చట్రంలో లెక్క స్పష్టంగానే ఉంది. సెమిస్టర్‌కు 15 వారాల బోధన. థియరీలో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట, అంటే సెమిస్టర్‌కు 15 గంటలు. ప్రాక్టికల్‌లోనూ, క్షేత్ర పరిశీలనలోనూ ఒక క్రెడిట్ అంటే వారానికి రెండు గంటలు, అంటే 30 గంటలు. మధ్యలో చదువు ఆపినవారికి 40 క్రెడిట్లకు సర్టిఫికెట్, 80కి డిప్లొమా, 120కి మూడేళ్ల డిగ్రీ అన్నది మీకు తెలిసిందే, దాని జోలికి పోను.

ఇప్పుడు మీ పట్టికలోని మొదటి పేపరు తీయండి. మూడు థియరీ, ఒకటి ప్రాక్టికల్, మొత్తం నాలుగు క్రెడిట్లు. పక్క గడిలో 'వారానికి 4 గంటలు' అని రాశారు. కాదు, 5 గంటలు. మూడు క్రెడిట్ల థియరీకి మూడు గంటలు, ఒక్క ప్రాక్టికల్ క్రెడిట్‌కు రెండు గంటలు. 'ఒక్క గంట తేడాయే కదా' అని ఒకరు రాశారు. సెమిస్టర్‌లో అలాంటి పేపర్లు ఐదున్నాయి. తేడా వారానికి ఐదు గంటలు, 15 వారాలకు 75 గంటలు. మార్కుల జాబితాలో క్రెడిట్లు ఉంటాయి, విద్యార్థి మాత్రం 75 గంటల ప్రయోగశాల చూడకుండానే బయటికి వెళతాడు. ఇది చిన్న పొరపాటంటే నేను ఒప్పుకోను.

పూర్తిగా ప్రాక్టికల్‌గా నడిచే రెండు క్రెడిట్ల నైపుణ్య కోర్సు ఉందనుకోండి. వారానికి నాలుగు గంటలు. క్షేత్ర పరిశీలనదీ అదే లెక్క. భూగర్భశాస్త్రం పిల్లలను తాడిపత్రి వైపు బోరుబావుల్లో నీటిమట్టం కొలవడానికి తీసుకెళితే, బావి దగ్గర గడిపిన సమయాన్నే రాయండి. బస్సులో కూర్చున్న గంటలను నేనైతే లెక్కలోకి తీసుకోను.

నా అడ్డదారి ఒకటే: థియరీ క్రెడిట్లు ఎన్నో అన్ని గంటలు, ప్రాక్టికల్ క్రెడిట్లకు రెట్టింపు, రెండూ కలిపితే వారం గంటలు. దీనికి ఎక్సెల్ అక్కర్లేదు. నేను ముందు టైం టేబుల్‌ను కాగితం మీద పెన్సిల్‌తో గీసుకుని, ఆ తర్వాతే క్రెడిట్ల గడి నింపుతాను.

దీని వెనకే ఇంకో చిక్కు ఉంది. తరగతిలో 60 మంది, ప్రయోగశాలలో 30 కంప్యూటర్లు. రెండు బ్యాచ్‌లు చేయక తప్పదు. విద్యార్థికి వారానికి రెండు గంటలు, అధ్యాపకుడికి నాలుగు, గదికీ నాలుగు. క్రెడిట్ మాత్రం ఒకటే. 'మాకు నాలుగు గంటల పని పడుతోంది, రెండు క్రెడిట్లు ఇవ్వాలి' అని ఒక విభాగం వారు రాశారు. క్రెడిట్ విద్యార్థి శ్రమకు కొలత. అధ్యాపకుడి శ్రమను వేరే పట్టికలో రాయాలి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల నేరు బోధన, అసోసియేట్ ప్రొఫెసర్‌కూ ప్రొఫెసర్‌కూ 14. ఈ రెండు పట్టికలనూ ఒకే గడిలో కుక్కడం వల్లే బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్‌ను ఖరారు చేసే సంఘం) సమావేశంలో ఆమోదం పొందిన కోర్సుకు జూలైలో పాఠం చెప్పేవారు దొరకరు.

పాఠం చెప్పే మనిషి లేని పేపర్లన్నీ 'స్వయం' అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక మీద చదువుకుంటారని రాసినవారికి ఒక మాట. యూజీసీ 2021 నిబంధనలు సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకే ఒప్పుకుంటాయి. ఐదు పేపర్లలో రెండు. మీరు మూడు పెట్టారు.

డిగ్రీ పేరు విషయం త్వరగా ముగిస్తాను. 'బ్యాచిలర్ ఆఫ్ గ్రౌండ్‌వాటర్' అని పెట్టకండి. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ కింద ప్రకటించిన జాబితాలోని పేరే డిగ్రీకి ఉండాలి. మీకు నచ్చిన విషయాన్ని బీఎస్సీ లోపల మేజర్ (ప్రధాన విషయం)గానో, పేపర్లుగానో పెట్టుకోండి. బీబీఏ, బీసీఏ వారు 2024–25 నుంచి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యా మండలి) ఆమోదాన్ని కూడా చూసుకోవాలి. బీఈడీకి ఎన్‌సీటీఈ (ఉపాధ్యాయ విద్యా మండలి) ఆమోదం, న్యాయశాస్త్రానికి బార్ కౌన్సిల్ ఆమోదం. ఆ కాగితం చేతికి రాకముందు సిలబస్ రాయడం వృథా శ్రమ.

అభ్యాసం. మీ విభాగంలో ఏదైనా ఒక సెమిస్టర్ తీసుకుని మూడు పట్టికలు చేయండి: విద్యార్థి గంటలు, అధ్యాపకుల గంటలు, గదుల గంటలు. సంక్రాంతి సెలవులు, పరీక్షల రోజులు తీసేశాక 15 బోధన వారాలు మిగులుతాయో లేదో మీ కళాశాల క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. మిగలకపోతే ఏ పేపరుకు ఎన్ని గంటలు తగ్గుతాయో, వాటిని ఏ శనివారాల్లో భర్తీ చేస్తారో తేదీలతో రాయండి. ఇద్దరు అధ్యాపకులే ఉన్న విభాగాలు దీన్ని రెండు సెమిస్టర్లకు చేయాలి, ఎందుకంటే బేసి, సరి సెమిస్టర్లలో మీ భారం ఒకేలా ఉండదు. మొత్తం 160 ఒక్కటే రాసి పంపిన పట్టికలను ఈసారి చూడను.