లేసు అల్లడానికి కూర్చునే ముందు

నరసాపురం చుట్టుపక్కల లేసు అల్లే అక్కలూ, సూది పట్టేముందే ఫోన్‌లో అరగంటకో అలారం పెట్టుకోండి. మోగగానే లేవాల్సిందే. "ఈ ఒక్క పువ్వూ అయిపోనీ" అనుకోవద్దు, చెయ్యి పాడయ్యేది అక్కడే.

- ఫోన్‌ని చెంబుకి ఆనించి, అల్లుతున్న చేతిని రెండు నిమిషాలు వీడియో తీసుకోండి. మణికట్టు వంగిపోతోందా? మోచేతి కింద దిండు పెట్టండి. నాది అంతలా వంగుతోందని వీడియో చూశాకే తెలిసింది.
- సన్నటి సూదికి రబ్బరు పిడి తొడిగితే వేళ్లతో గట్టిగా నొక్కక్కర్లేదు.
- ఎల్‌ఈడీ దీపం దగ్గరగా ఉండాలి.
- విరామంలో ఫోన్‌లో టైపింగ్ వద్దు, వాయిస్ మెసేజ్ చాలు.

రాత్రిపూట బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయా? మణికట్టులో నరం నలుగుతోందేమో. అల్లిక ఆపి డాక్టర్‌కి చూపించుకోండి.