పుంజు డేగ, పెట్ట కాకి, పిల్లలు తెలుపు: తేడా ఎక్కడొచ్చింది?

పుంజు డేగ, అంటే ఎరుపు. పెట్ట నిండు కాకి, అంటే నలుపు. పొదిగి తీసిన పన్నెండు పిల్లల్లో మూడు తెల్లవి. వాడకట్టులో వినబడే కారణాలు రెండే: గుడ్లు మారినయి, లేదా ఎవరిదో దిష్టి. దిష్టి సంగతి పక్కన పెట్టండి. గుడ్లు మారాయా అన్నది మాత్రం నిజంగా చూడాలి. చిత్రమేమంటే ఆ మాట అనేవాళ్లెవరూ దాన్ని తేల్చుకోరు.

ఒకే పెట్ట పిల్లలు తలో రంగు

ముందు తండ్రెవరో తేల్చండి. పెట్ట కడుపులో పుంజు వీర్యం రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాల దాకా పనిచేస్తూనే ఉంటుంది. మొన్న కొత్త పుంజును తెచ్చి ఈ వారం గుడ్లే పొదుగుకు పెడితే, వాటిలో పాత పుంజు పిల్లలూ ఉంటాయి, పక్కింటి పుంజు పిల్లలూ ఉంటాయి. పెట్టను నాలుగు వారాలు ఏ పుంజుకూ దొరక్కుండా ఉంచండి. రాత్రి గంప కింద మూస్తున్నాం కదా అంటారు. పొద్దున మేతకు వదిలిన పావుగంట చాలు. తర్వాత మీరు ఎంచిన పుంజుతో కలిపి, వారం దాటాక పెట్టిన గుడ్లే తీసుకోండి. ప్రతి గుడ్డు మీద పెన్సిల్‌తో తేదీ, పెట్ట గుర్తు రాయండి. పొదుగు మీద కూర్చున్న పెట్ట కిందికి దూరి వేరే పెట్టలు గుడ్లు పెట్టిపోతాయి. గుర్తు లేని గుడ్డు ఏ రోజుకారోజు బయటికి తీసేయాలి.

ఇది చేయకుండా కింద రాసినవేవీ చదవనక్కర్లేదు.

వనరాజా లాంటివి సంకర కోళ్లు. వాటి పిల్లల్లో కలగాపులగం రంగులొస్తే అది తప్పు కాదు, వాటి తీరే అంత.

తండ్రి తేలాడు, అయినా లెక్క కుదరట్లేదు

చాలామంది బోల్తా పడేది తెలుపు దగ్గరే. తెల్లకోడిలో వేరే రంగు లేదనుకుంటారు. తెలుపు కింద నలుపు, ఎరుపు, చారలు ఏవైనా ఉండొచ్చు. పైగా ఈ తెలుపు రెండు రకాలు, ఒకదాని లెక్క ఇంకోదానికి పనికిరాదు.

మొదటిది బహిర్గత తెలుపు. ఫారం తెల్లపెట్టల్లో, అంటే లెగ్‌హార్న్ జాతి రక్తంలో ఉండేది ఇదే. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క జన్యువు వచ్చినా తెల్లబరుస్తుంది. అయితే ఒక్కటే ఉంటే పూర్తిగా కప్పలేదు. నలుపును బాగానే కప్పి, ఎరుపును వదిలేస్తుంది. అందుకే తెల్లని ఒంటి మీద మిరియం గింజంత నల్లచుక్కలు అక్కడక్కడ, పుంజైతే భుజాల మీద ఇటుక రంగు కనబడతాయి. అది చూసి నాటు రంగు తిరిగొచ్చిందని ఆ పుంజునే పెంపకానికి ఉంచుకుంటారు. రంగు పెట్టలకు కలిపితే దాని పిల్లల్లో సగం మళ్లీ తెలుపే.

ఇంకో తిరకాసుంది. లెగ్‌హార్న్ తెలుపు కింద నలుపూ చారలూ దాగి ఉండటం మామూలే. లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారం ఖాళీ చేసినప్పుడు అంగట్లోకొచ్చే ముదురు తెల్లపెట్టను కొని కాకి పుంజుతో కలిపితే మొదటి తరం తెల్లగానే వస్తుంది. అందులోని పుంజును నాటుపెట్టల మీదికి వదిలితే చారల పిల్లలు దిగుతాయి. ఇంట్లో చారల కోడి లేనేలేదు కాబట్టి పక్కింటి పుంజు మీద పంచాయితీ. ఆ చారలు తెల్ల నాయనమ్మవి.

రెండోది అంతర్గత తెలుపు. రెండు వైపుల నుంచీ వస్తేనే బయటపడుతుంది. ఒక్కటే మోసే కోడి నిండు డేగగానో కాకిగానో ఉంటుంది, ఈకల్లో ఆనవాలే ఉండదు. అలాంటివి రెండు కలిస్తే నాలుగింట ఒకటి తెలుపు. పైన చెప్పిన పన్నెండులో మూడు ఇవే. అన్నాచెల్లెళ్లను ఏళ్ల తరబడి కలిపే మందలో ఎక్కువ. ఈ పిల్లల నూగు పుట్టుకలో పసుపుగా కాక పొగ రంగులో ఉండొచ్చు.

ఏ తెలుపో తేల్చడానికి తెల్లకోడిని, అంతర్గత తెలుపు మోయని నిండు నల్లకోడితో కలిపి పది పిల్లలైనా తీయండి. అన్నీ తెల్లవి, లేదా సగం తెల్లవి అయితే బహిర్గతం. అన్నీ రంగువైతే అంతర్గతం.

బహిర్గతాన్ని వదిలించుకోవడం సులువు. తెల్లవాటిని, చుక్కల తెల్లవాటిని, ఎర్రభుజాల తెల్లవాటిని పెంపకానికి ఉంచకండి, ఒక్క తరంలో పోతుంది. అంతర్గతానికి ఈ పద్ధతి పనిచేయదు. తెల్లపిల్లను కూరొండుకున్నా, రంగున్న తోబుట్టువుల్లో మూడింట రెండు వంతులు దాన్ని మోస్తూనే ఉంటాయి. అందుకే పుంజును పరీక్షించాలి. అంతర్గత తెల్లపెట్టతో కలిపి ఏడు పిల్లలు తీయండి. ఒక్క తెల్లపిల్ల వచ్చినా అది మోసే పుంజే. ఏడూ రంగువైతే ఉంచుకోండి. మోసే పుంజుకు అలా జరగడం 128లో ఒక్కసారి. పుంజు శుభ్రమైతే పెట్టల్లో ఉన్నా తెల్లపిల్ల బయటపడదు.

చారల పెట్టకు చారల్లేని కూతుళ్లు

పుంజు సాదాదైతే అంతే. చారల జన్యువు లింగ క్రోమోజోము (ఆడో మగో తేల్చేది) మీద ఉంటుంది, పెట్ట దాన్ని కొడుకులకే ఇవ్వగలదు. నల్లపుంజుతో కలిపితే పుట్టినరోజే నెత్తి మీద తెల్లమచ్చ ఉన్నవి పుంజులు, లేనివి పెట్టలు. చారల పెట్టలు కావాలంటే చారల పుంజును తెచ్చుకోవాలి.

బూడిద రంగు జంటకు నల్లపిల్లలు

సగమే బూడిద వస్తాయి. పావు వంతు నలుపు, పావు వంతు మురికి తెలుపు మీద మచ్చలు. అన్నీ బూడిదే కావాలంటే నల్లదాన్ని ఆ మచ్చల తెల్లదాంతో కలపండి.

మిగతావి

నల్లజంట పిల్లకు పొట్ట తెలుపు: మామూలే, ఈక మారితే పోతుంది. నూగు చూసి కోడిని అమ్మేయకండి.

ఎదిగే పిల్ల రెక్క ఈకల్లో తెల్లపట్టీలు: ఒట్టి మక్కలు, నూకల మేత. సోయాచెక్క, ఖనిజ మిశ్రమం కలపండి.

నల్ల ఈకలు చూసి కడక్‌నాథ్ (తోలూ మాంసమూ నల్లగా ఉండే జాతి) ధర పెట్టడం: ఈక నలుపు వేరు, తోలు నలుపు వేరు. నాలుక, తోలు చూసి కొనండి.

ముసలిపెట్టకు పుంజు ఈకలు: అండాశయం చెడింది. అరుదు.

అంగట్లో కొన్న గులాబీ, ఆకుపచ్చ పిల్లలు: డబ్బా రంగు.