పాత జీపు టాపు, నాలుగో పాఠం: ముందు ఆ సిలికాన్ పీకండి

పాత జీపుకి బోల్టులతో బిగించే ఫైబర్ టాపు కారకుండా చేసుకోవడం మీద ఈ పాఠాలు. ఈసారి పక్క అద్దాల రబ్బరు మార్చడం చెప్పాల్సింది. అది చివర్లో నాలుగు ముక్కల్లో చెబుతాను. మూడో పాఠం చదివి పనిలోకి దిగినవాళ్లు రాసిన మాట దాదాపు ఒకటే: "మాస్టారూ, ముందు ఒక చోట కారేది, ఇప్పుడు మూడు చోట్ల కారుతోంది." బొబ్బిలి నుంచి ఒకాయన ఫొటోలు కూడా పంపారు. టాపు అంచు చుట్టూ, అద్దాల చుట్టూ, బోల్టుల తలల మీద తెల్లగా సిలికాన్ జిగురు మెత్తేసి ఉంది. మూడో పాఠంలో నేను చెప్పింది టాపుకీ బాడీకీ మధ్య రబ్బరు బీడింగు వేయడం. సిలికాన్ మాట అందులో ఎక్కడా లేదు. బీడింగు వేసినా చుక్క ఆగలేదు, కోపం వచ్చింది, శానిటరీ షాపుకి వెళ్లి ట్యూబూ గన్నూ తెచ్చారు. జరిగింది అదే కదా?

కాబట్టి బీడింగు ఎందుకు ఓడిపోయిందో ముందు చూద్దాం.

ఫొటోలు చూస్తే సగం మంది వేసింది బీడింగు కాదు, స్పాంజి. సీట్లు కుట్టే షాపులో రబ్బరు ఫోమ్ అని అడిగితే వాళ్లు ఇచ్చేది అదే. అది నీళ్లు తాగుతుంది. వాన వెలిశాక కూడా రెండు రోజులు చుక్క పడుతోందని రాసినవాళ్లందరిదీ ఇదే కథ. మనకి కావలసింది గాలి గదులు విడివిడిగా మూసుకుని ఉండే రబ్బరు. ఈపీడీఎం అని అడగండి. అడిగి ఊరుకోకండి, ఒక ముక్క కోసి నోటి దగ్గర పెట్టి ఊదండి. గాలి అవతలికి వస్తే అది స్పాంజి. నీళ్లలో ముంచి పిండితే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. నా మట్టుకు నేను టౌన్లో కారు డెకరేషన్ షాపుల వైపు పోను. సాలూరులో లారీ సామాన్లు అమ్మే చోట అడుగుతాను. అక్కడ మీటరు లెక్కన కోసిస్తారు, ఊది చూసినా ఏమీ అనుకోరు.

రెండోది మందం. ఎంత మందంగా ఉంటే అంత మంచిదని రాజాం ఆయన 20 మి.మీ.ది వేశారు. టాపు పైకి లేచిపోయింది. లేవడంతో డోరు పై అంచుకీ టాపుకీ మధ్య సందు వచ్చింది. ఆయనకి కారుతున్నది ఆ సందులోంచి, బీడింగులోంచి కాదు. 10 మి.మీ. బీడింగు బోల్టు బిగించాక 6 నుంచి 7 మి.మీ.కి అణిగితే సరిపోతుంది. అంతకన్నా అణగ్గొడితే ఏడాదిలో చచ్చిపడి ఉంటుంది, మళ్లీ పైకి లేవదు.

మూడోది, సాగదీసి అంటించడం. అంటించేటప్పుడు చేత్తో లాగుతూ పోతే చూడ్డానికి నున్నగా ఉంటుంది. వారం తర్వాత రబ్బరు తన పొడవుకి తాను వెనక్కి వస్తుంది, అతుకు దగ్గర సందు తెరుచుకుంటుంది. లాగొద్దు. కొంచెం ఎక్కువే కోసి, లోపలికి తోస్తూ కూర్చోబెట్టండి. అతుకు మూలలో పెట్టకండి, నిటారుగా ఉన్న భాగం మధ్యలో పెట్టండి. ఏటవాలుగా కోసి అంటించండి.

బోల్టులు బిగించే వరస చెప్పాలా అనిపించింది. నడుమ నుంచి చివరలకి, ఇటొకటి అటొకటి. చేత్తో బిగిశాక పానాతో అర చుట్టు. అంతే. ఫైబర్ ఇనుము కాదు. బోల్టు కింద రూపాయి బిళ్లకన్నా పెద్ద వాషర్ లేకపోతే ఆ కన్నం దగ్గర పగులు రావడం ఖాయం.

ఇక సిలికాన్.

నాకు సిలికాన్ మీద పగ లేదు. అద్దాల అక్వేరియంలో పెట్టండి, బాత్రూంలో పెట్టండి. పాత జీపు మీద పెట్టకండి. ఎందుకో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్క విషయం మీద వచ్చినన్ని ప్రశ్నలు మిగతా మూడు పాఠాల మీద కలిపి రాలేదు.

ట్యూబు నొక్కగానే వెనిగర్ వాసన వచ్చిందా? అది గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదిలే రకం. చవగ్గా దొరికేవి ఎక్కువగా ఇవే. పెయింటు లేచిపోయిన ఇనప అంచు మీద దాన్ని రాస్తే, ఆ ఆమ్లం ఇనుముని కింద నుంచి తినడం మొదలుపెడుతుంది. పైన తెల్లటి పొర ఉంటుంది కాబట్టి మీకు కనపడదు. మన వైపు సముద్రపు గాలికి ఇనుము మామూలుగానే నిలవదు. చింతపల్లి బీచికీ భీమిలికీ జీపులో తిరిగేవాళ్లకి ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆ ఉప్పుకి తోడు ఈ ఆమ్లం కూడా ఎందుకు?

సరే, న్యూట్రల్ రకం తెస్తాను, దానికి ఆమ్లం ఉండదు కదా అంటారు. ఉండదు. కానీ గట్టిపడ్డ సిలికాన్ మీద ఇంకేదీ అంటుకోదు. పెయింటు వేస్తే చేప కళ్లలా గుంటలు పడుతుంది. పీయూ సీలెంట్ (పాలీయురేథేన్ జిగురు) ఊడి వస్తుంది. ఫైబర్ పగులు పూడ్చడానికి రెజిన్ (పోశాక గట్టిపడే జిగురు ద్రవం) వేస్తే పొరలా లేచిపోతుంది. చివరికి కొత్త సిలికాన్ కూడా పాత సిలికాన్‌ని సరిగ్గా పట్టుకోదు. అందుకే "మళ్లీ ఇంకో పూత వేశాను మాస్టారూ" అన్నవాళ్లకి మళ్లీ కారింది.

ఇంకొకటుంది, ఒక చోట కారేది మూడు చోట్లకి పాకడానికి అసలు కారణం అదే. జరిపే అద్దాలున్న టాపు అయితే, అద్దం కింద అల్యూమినియం గాడిలో బయటి వైపు చిన్న చిన్న చీలికలు ఉంటాయి. గాడిలోకి నీళ్లు రావడం మామూలే, ఆ చీలికల్లోంచి బయటికి పోవడం కోసమే వాటిని పెట్టారు. మీరు వాటిని కన్నాలనుకుని పూడ్చేశారు. ఇప్పుడు గాడి నిండుతుంది, లోపలి అంచు మీదుగా పొంగి సీటులోకి దిగుతుంది. ఫొటోలు పంపిన బొబ్బిలి ఆయనది సరిగ్గా ఇదే.

పెంకుటింటిని చూడండి. పెంకుకీ పెంకుకీ మధ్య జిగురు ఉండదు. పై పెంకు కింది పెంకు మీదికి ఎక్కి ఉంటుంది, నీరు జారిపోతుంది. టాపు పనీ అంతే. ముందు అంచు ముందద్దం ఫ్రేము మీదికి దిగి ఉందా, పక్క గట్టర్ నీటిని డోరు దాటించి వెనక్కి తీసుకుపోతోందా, గాడిలో నీటికి బయటికి దారి ఉందా, ఇవి చూడాలి. జిగురు అవసరమయ్యే చోట్లు మూడే. టాపులోంచి అవతలికి దూరే బోల్టు కన్నాలకి బ్యూటైల్ టేపు (మెత్తటి రబ్బరు జిగురు పట్టీ). ఎప్పటికీ విప్పని అతుకులకి పీయూ. ఫైబర్ పగులుకి లోపలి వైపు నుంచి గాజు నార మ్యాట్, రెజిన్. టాపుకీ బాడీకీ మధ్య మాత్రం ఏ జిగురూ వద్దు. దాన్ని విప్పడానికే కదా అన్ని బోల్టులు పెట్టారు! చీపురుపల్లి అబ్బాయి ఒకతను అంటుకుపోయిన టాపుని జాకీ పెట్టి లేపబోయి మూల చీల్చుకున్నాడు.

పీకడం ఇలా. ఫైబర్ మీద బ్లేడు పెట్టకండి, పై నునుపు పొర గీరుకుపోతుంది. పాత ఏటీఎం కార్డు వాడొచ్చు. నాకైతే పదును పెట్టిన వెదురు బద్ద నచ్చుతుంది. ఒక కొస లేపి, రిబ్బనులా మెల్లగా లాగండి. మిగిలిన పొరని పొడి గోనె గుడ్డతో గట్టిగా రుద్దితే ఉండలు ఉండలుగా వస్తుంది. పెట్రోలు దాన్ని కరిగించదు, ఉబ్బిస్తుంది అంతే. థిన్నర్ ఫైబర్‌నీ రబ్బరునీ పాడు చేస్తుంది. పూర్తిగా పోయేదాకా ఎమిరీ పేపరు ముట్టుకోవద్దు, రుద్దిన కొద్దీ సిలికాన్ గీతల్లోకి దిగుతుంది. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. అది గట్టిపడ్డ సిలికాన్‌ని తీయదు, మిగిలిన జిడ్డుని తీస్తుంది. ఆ గుడ్డని ఇంకెక్కడా వాడకండి.

పోయిందో లేదో తెలియాలంటే నీళ్లు చల్లండి. తడి ఒకే పొరలా పరుచుకుంటే శుభ్రం. చుక్కలు చుక్కలుగా విడిపోతే ఇంకా ఉంది. బయటపడిన తుప్పు గీకి, రెడాక్సైడ్ ప్రైమర్ రెండు పూతలు వేసి ఆరనివ్వండి. ఆ తర్వాతే బీడింగు.

ఇంత చేసినా ఇంట్లో కారదు, అరకు ఘాట్‌లో కారుతుందని శృంగవరపుకోట నుంచి ఒకాయన రాశారు. మంచి ప్రశ్న ఇది. ఈ బళ్లకి బాడీ ఛాసిస్ మీద రబ్బరు దిమ్మెలపై కూర్చుంటుంది. ఒక చక్రం గుంటలో పడితే ఛాసిస్ మెలితిరుగుతుంది, బాడీ కొంత తిరుగుతుంది, టాపు తిరగనంటుంది. ఎదుటి మూలలో సందు తెరుచుకుంటుంది. పైగా బండి వేగంగా పోయేటప్పుడు వెనక భాగంలో గాలి లోపలికి పీలుస్తుంది. అందుకే వెనక డోరు దగ్గర లోపలి వైపు ఎర్రదుమ్ము గీత కనపడుతుంది. దుమ్ము దూరిన చోట నీరూ దూరుతుంది. వేసవిలో ఆ గీతలు తుడిచేయకుండా ఫొటో తీసి పెట్టుకోండి, వాన పడక ముందే మీ దగ్గర మ్యాపు ఉంటుంది.

రబ్బరు దిమ్మెలు నొక్కుకుపోయి, పగిలి ఉంటే బీడింగు మీద డబ్బు పెట్టకండి. దిమ్మెలన్నీ ఒకేసారి మార్చండి. ఒకటి రెండు మారిస్తే బాడీ ఇంకా మెలితిరిగి కూర్చుంటుంది.

పాలకొండ మిత్రుడికి: వాన లేని డిసెంబరు పొద్దున మీ టాపు లోపల పడే చుక్కలు కారడం కాదు, మంచు. ఒక్క పొర ఫైబర్ రాత్రికి చల్లబడుతుంది, లోపలి తేమ దానికి పడుతుంది. అద్దం రెండు వేళ్లు దించి పెట్టండి.

పక్క అద్దాల రబ్బరు సంగతి. కదలని అద్దం అయితే కొత్త రబ్బరుని అద్దం చుట్టూ తొడిగి, బయటి గాడిలో 4 మి.మీ. నైలాన్ తాడు తిప్పండి. కొసలు కింద జానెడు మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా వదలండి. సబ్బు నీళ్లు రాయండి, నూనె వద్దు, ఈపీడీఎం ఉబ్బిపోతుంది. ఒకరు బయట నుంచి అద్దాన్ని అరచేత్తో నొక్కుతూ ఉంటే, ఇంకొకరు లోపల నుంచి తాడు లాగుతూ పోవాలి. రబ్బరు పెదవి దానంతట అదే అంచు ఎక్కుతుంది. మొదటిసారి రాదు, విసుక్కోకండి. జరిపే అద్దాల గాడిలో చీలికల్ని సన్నటి తీగతో తెరిచి, మగ్గుతో నీళ్లు పోసి బయటికి వస్తున్నాయో చూడండి.

అభ్యాసం. ఇది చేయకుండా ఐదో పాఠానికి రావద్దు, ఫొటోలు పంపకండి.

టాపు దించండి (నలుగురు మనుషులు, కింద రెండు పాత టైర్లు). బాడీ అంచు చుట్టూ జానెడుకొకటి చొప్పున కాగితం పట్టీలు పరచండి, ప్రతి దాని మీద అంకె వేయండి. టాపు పెట్టి మామూలుగా బిగించండి. చదును నేల మీద ఒక్కో పట్టీని కొంచెం లాగి పట్టు చూడండి, పూర్తిగా బయటికి లాగేయకండి. గట్టిగా, మధ్యస్థం, వదులు, ఏదో ఒకటి రాసుకోండి. ఇప్పుడు ఒక వెనక చక్రం అర అడుగు ఎత్తు దిమ్మె మీదికి ఎక్కించి, హ్యాండ్‌బ్రేకు వేసి, మిగతా చక్రాలకి రాళ్లు పెట్టి మళ్లీ అన్నీ చూడండి. తర్వాత రెండో వెనక చక్రం. మూడు వరసల పట్టిక వస్తుంది. చదునులోనూ వదులుగా ఉన్న చోట బీడింగు కింద 2 మి.మీ. రబ్బరు పట్టీ వేయండి. చక్రం ఎత్తినప్పుడు మాత్రమే వదులైతే బాడీ కింది రబ్బరు దిమ్మెలు చూడండి.

ఆ తర్వాతే గొట్టంతో నీళ్లు. కింది నుంచి పైకి, ఒక్కో చోట 5 నిమిషాలు, లోపల ఒకరు టార్చితో. ఈ వరస రెండో పాఠంలో చెప్పాను. పై నుంచి పోస్తే ఎక్కడ దూరిందో బ్రహ్మకి కూడా తెలీదు.

దసరా లోపల ముగించండి. గులాబ్ తుఫాను 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది, తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర. మన వైపు అసలు పరీక్ష పెట్టేది ఆ రోజుల్లోనే. గాలి కొట్టే వాన కింది నుంచి పైకి కూడా తోస్తుంది, దానికి మాత్రం గొట్టం పరీక్ష చాలదు. ఐదో పాఠం ముందద్దం ఫ్రేము గురించి. దానికి పట్టికలో ముందు వైపు అంకెలు కావాలి, కాగితం పారేయకండి.